గ్రీన్‌వుడ్‌లో జరిగినదాన్ని తొమ్మిదేళ్ళ పిల్లకు ఎలా చెప్పాలి?

ప్రశ్న
అడిగినవారు: చిన్నారి వాళ్ళమ్మ (టల్సా, ఓక్లహోమా)

అందరికీ నమస్కారం. మావారి ఉద్యోగరీత్యా ఈమధ్యనే డాలస్ నుంచి టల్సాకు మారాం. బేస్‌బాల్ ఆట చూడడానికి వన్‌ఓక్ ఫీల్డ్‌కు వెళ్ళినప్పుడు, గ్రీన్‌వుడ్ అవెన్యూ కాలిబాటలో పొదిగిన కంచు పలకల దగ్గర మా అమ్మాయి ఆగి ఆగి చదవడం మొదలుపెట్టింది. ఒక్కో పలక మీద ఒక దుకాణం పేరో ఆఫీసు పేరో ఉంది. దాని కింద 1921లో ధ్వంసమైందని, ఆ తర్వాత మళ్ళీ తెరిచారనో తెరవలేదనో రాసి ఉంది. "ఇన్ని షాపులు ఒకేసారి ఎలా పోయాయమ్మా, టోర్నడో వచ్చిందా?" అని అడిగింది. ఇంటికి వెళ్ళాక చెబుతానన్నాను. టల్సాలోని నల్లజాతివారి పేట గ్రీన్‌వుడ్‌ను 1921లో తెల్లవారి గుంపు తగలబెట్టిందని పిల్లకు ఎలా చెప్పాలో తెలియలేదు.

మా పెద్దవాడికి పదమూడేళ్ళు. వాడికి బడిలో ఈ విషయం కొంత చెప్పారు. ఏం చెప్పారని అడిగితే, "ఒక నల్లజాతి కుర్రాడు లిఫ్టులో ఒక తెల్లమ్మాయి కాలు తొక్కాడట, దాంతో పెద్ద గొడవై ఊరు తగలబడింది" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు గానీ, వింటుంటే ఆ కుర్రాడి వల్లే అంతా జరిగినట్టుంది. అది నా మనసులో ముల్లులా గుచ్చుకుంటోంది.

తొమ్మిదేళ్ళ పిల్లకు ఎంతవరకు చెప్పవచ్చు? ఎక్కడ మొదలుపెట్టాలి? చెబితే తన తరగతిలోని తెల్ల పిల్లలను చూసి భయపడుతుందేమో, అందుకని పెద్దయ్యేదాకా ఆగుదామని మావారి అభిప్రాయం. పైగా బడుల్లో ఇలాంటివి చెప్పకూడదని ఓక్లహోమాలో చట్టం వచ్చిందని ఇక్కడ కొందరు అంటున్నారు. అది నిజమేనా? పిల్లలకు బోధించిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1
సోషల్ టీచరు (మిడిల్ స్కూల్, ఓక్లహోమా సిటీ)

అమ్మా, మీ అబ్బాయికి అలా వినిపించడానికి కారణం కథను లిఫ్టుతో మొదలుపెట్టడమే. నేను మా పిల్లలకు 1906తో మొదలుపెడతాను. ఆ ఏడాది ఓ.డబ్ల్యూ. గర్లీ అనే నల్లజాతి వ్యాపారి టల్సాలో రైలు పట్టాలకు ఉత్తరాన నేల కొని, దాన్ని నల్లజాతివారికే అమ్మడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది ఓక్లహోమా రాష్ట్రంగా ఏర్పడింది. కొత్త శాసనసభ చేసిన మొట్టమొదటి చట్టం రైళ్ళలో నల్లవారిని వేరే పెట్టెల్లో కూర్చోబెట్టే చట్టం. పట్టాలకు దక్షిణాన ఉన్న దుకాణాలలో తమకు మర్యాద దొరకనప్పుడు, నల్లజాతివారు తమ డబ్బు తమ వీధిలోనే ఖర్చుపెట్టుకున్నారు. అలా పెరిగిన పేట గ్రీన్‌వుడ్.

ఇక్కడ తొందరపడకండి, పిల్లలను ఆ వీధిలో కాసేపు తిరగనివ్వండి. బానిసలుగా పుట్టినవారి కొడుకైన జె.బి. స్ట్రాడ్‌ఫోర్డ్ లా చదివి, వ్యాపారం చేసి, తన పేరుతో పెద్ద హోటల్ కట్టాడు. లూలా విలియమ్స్, జాన్ విలియమ్స్ దంపతులకు ఒక మిఠాయి దుకాణం, ఒక కార్ల గ్యారేజీ, డ్రీమ్‌లాండ్ అనే సినిమా హాలు ఉండేవి. ఎ.జె. స్మిదర్‌మన్ 'టల్సా స్టార్' అనే పత్రిక నడిపేవాడు. డాక్టర్ ఎ.సి. జాక్సన్ పేరుమోసిన సర్జన్. అయితే గ్రీన్‌వుడ్‌లో అందరూ ధనవంతులేనని మాత్రం చెప్పకండి. ఎక్కువమంది తెల్లవారి ఇళ్ళలో వంటా, బట్టలూ, పిల్లల పెంపకమూ చూసుకునే పనివారు. వారికి గురువారం సెలవు. ఆ సాయంత్రం మంచి బట్టలు వేసుకుని గ్రీన్‌వుడ్ వీధిలోకి వస్తే, ఆ వీధంతా కళకళలాడేది. మా తరగతిలో పిల్లలు బాగా గుర్తుపెట్టుకునేది ఆ గురువారాన్నే. పోయినదేమిటో ముందు తెలిస్తేనే పోవడం అంటే ఏమిటో తెలుస్తుంది.

ఆ తర్వాత లిఫ్టు సంగతి. డిక్ రోలండ్ బూట్లు పాలిష్ చేసే పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. డ్రెక్సెల్ భవనంలో లిఫ్టు ఎందుకు ఎక్కాడని మీ అబ్బాయిని అడిగి చూడండి. ఆ చుట్టుపక్కల నల్లవాళ్ళను రానిచ్చే మరుగుదొడ్డి ఆ భవనం పై అంతస్తులో ఉండేది. లిఫ్టు నడిపే సారా పేజ్‌కు పదిహేడేళ్ళు. 1921 మే 30న ఆ లిఫ్టులో ఆమె కేక వేసిందని అతన్ని మరునాడు అరెస్టు చేశారు. ఆమె కేసు నడపలేదు, చివరికి ఆ కేసును కొట్టేశారు. కానీ ఆ మే 31 సాయంత్రమే 'టల్సా ట్రిబ్యూన్' పత్రిక, లిఫ్టులో అమ్మాయి మీద ఒక నీగ్రో దాడి చేశాడని మొదటి పేజీలో రాసింది. తెల్లజనం అతన్ని ఉంచిన జైలున్న కోర్టు భవనం ముందు పోగయ్యారు. అంతకు ముందటి ఏడాదే, 1920 ఆగస్టులో, అదే జైలు నుంచి రాయ్ బెల్టన్ అనే తెల్ల ఖైదీని గుంపు లాక్కెళ్ళి ఉరితీస్తే పోలీసులు అడ్డుకోలేదు. తెల్లవాడికే ఆ గతి పట్టినప్పుడు డిక్ రోలండ్‌కు ఏమవుతుందో గ్రీన్‌వుడ్‌వారికి తెలుసు. అందుకే ప్రపంచయుద్ధంలో పనిచేసి వచ్చిన మాజీ సైనికులతో సహా కొందరు తుపాకులు పట్టుకుని, కాపలాకు సాయం చేస్తామని షరీఫ్ దగ్గరికి వెళ్ళారు. తోపులాటలో ఒక తుపాకి పేలింది.

ఆ రాత్రి పోలీసులు వందలమంది తెల్లవారికి బ్యాడ్జీలిచ్చి ప్రత్యేక డిప్యూటీలుగా చేశారు. జూన్ 1న తెల్లవారుతుండగా వేలమంది గ్రీన్‌వుడ్‌లోకి చొరబడి, ఇళ్ళు దోచుకుని, ఒకదాని తర్వాత ఒకటి తగలబెట్టారు. మొత్తం 35 బ్లాకులు కాలిపోయాయి. రెడ్‌క్రాస్ లెక్క ప్రకారం బూడిదైన ఇళ్ళే 1,256. దాదాపు పదివేలమందికి నిలువ నీడ లేకుండా పోయింది. చనిపోయినవారు 36 మంది అని ప్రభుత్వ లెక్క. చరిత్రకారుల అంచనా మూడువందల దాకా వెళుతుంది. డాక్టర్ జాక్సన్ చేతులు పైకెత్తి తన ఇంటిలోంచి బయటికి వస్తుండగా కాల్చారు.

చిన్న పాపకు డాక్టర్ జాక్సన్ ఎలా చనిపోయాడో ఇప్పుడు చెప్పనక్కర లేదు. కొంతమంది ఇళ్ళను తగలబెట్టారని, మనుషులను చంపారని, కాపాడవలసిన పోలీసులే ఆ గుంపుకు తోడయ్యారని మాత్రం దాచకుండా చెప్పండి. కాల్చినవారికి ముందుగా కోపం తెప్పించిందేమిటి అని మీ పెద్దవాడు అడిగితే, లిఫ్టును పక్కనబెట్టి స్ట్రాడ్‌ఫోర్డ్ హోటలును చూపించండి. తమకంటే తక్కువవాళ్ళని తాము నమ్మిన మనుషులు సొంత హోటళ్ళు, సొంత సినిమా హాళ్ళు కట్టుకోవడం చాలామంది తెల్లవారికి కంటగింపుగా ఉండేది.

చట్టం సంగతి. 2021 మేలో, అంటే ఆ ఘటన శతవార్షికం జరిగిన నెలలోనే, హౌస్ బిల్ 1775 మీద గవర్నర్ సంతకం చేశారు. జాతి కారణంగా ఎవరైనా అపరాధభావమో మనోవేదనో అనుభవించి తీరాలని బోధించకూడదని అందులో ఉంది. రాష్ట్ర పాఠ్యప్రమాణాలలో ఉన్న అంశాలను బోధించవచ్చనీ అందులోనే ఉంది, టల్సా మారణకాండ ఆ ప్రమాణాలలో ఉన్న అంశమే. కాబట్టి చెప్పకూడదన్నది నిజం కాదు. అయితే ఎవరు ఫిర్యాదు చేస్తారోనన్న భయంతో తేదీలూ అంకెలూ చెప్పేసి ముగించే టీచర్లు ఉన్నారు. ఆ మిగిలిన భాగం ఇంట్లో చెప్పవలసిందే.

జవాబు 2
ఇద్దరు పిల్లల తండ్రి (ఫ్రిస్కో, టెక్సస్)

టీచరుగారి మాటల మీద నాకు గౌరవం ఉంది, కానీ నాకు వేరే అభిప్రాయం ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల రంగును బట్టి స్నేహితులను ఎంచుకోదు. ఆ కళ్ళతో లోకాన్ని చూడడం మనమే ఎందుకు నేర్పాలి? రాత్రి నిద్రలో ఉలిక్కిపడి లేచి, మన ఇంటిని కూడా తగలబెడతారా అని అడిగితే ఏం చెబుతాం? మనం ఈ దేశానికి బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ళం. మా ఇంట్లో పిల్లలు హైస్కూలుకు వచ్చాకే ఇలాంటివి మాట్లాడదామని అనుకున్నాం. ప్రేమతోనే చెబుతున్నాను, తప్పుగా అనుకోకండి.

జవాబు 3
బీమా క్లెయిముల విభాగంలో పనిచేసే వ్యక్తి (కాన్సస్ సిటీ)

పై సోదరుడి బెంగ నాకు అర్థమవుతుంది. కానీ పాప ఇప్పటికే అడిగింది, ఆ పలకలు తన కళ్ళతో చదివింది. మనం చెప్పకపోతే తన అన్నయ్య చెప్పిన లిఫ్టు కథే తనకూ మిగులుతుంది. భయం గురించి ఒక మాట. గ్రీన్‌వుడ్‌లోని పిల్లలు ఇదంతా వినలేదు, అనుభవించారు. ఒలీవియా హూకర్‌కు అప్పుడు ఆరేళ్ళు. మనుషులు ఇంట్లోకి వస్తున్నారని తెలిసి తల్లి పిల్లలను బల్ల కింద దాచింది. వచ్చినవాళ్ళు అక్క పియానోను గొడ్డలితో నరుకుతున్న చప్పుడు ఒలీవియా విన్నది. ఆరవేసిన తన బొమ్మ బట్టలు తీగ మీదే కాలిపోయాయి. ఆ పిల్లే పెరిగి 1945లో అమెరికా కోస్ట్ గార్డులో చేరిన తొలి నల్లజాతి మహిళల్లో ఒకరైంది, ఆ తర్వాత సైకాలజీ ప్రొఫెసర్ అయింది, నూట మూడేళ్ళు బతికింది. తొమ్మిదేళ్ళ పిల్లకు బొమ్మ బట్టలు అర్థమవుతాయి. ఆ చిన్నపిల్ల పెద్దదై ఏమైందో కూడా చెబితే, భయం ఒక్కటే మిగలదు.

ఇక నా వృత్తి వల్ల నాకు బాగా తెలిసిన భాగం మంటలు ఆరిన తర్వాతిది. పిల్లలకు చాలామంది చెప్పనిది ఇదే. న్యాయం అన్యాయం పిల్లలకు తేలికగా అందేదీ ఇక్కడే. బతికిన వేలమందిని సాయుధ కాపలాతో కన్వెన్షన్ హాలుకూ, ఆటమైదానానికీ, ఎగ్జిబిషన్ గ్రౌండుకూ తోలి నిర్బంధించారు. ఎవరైనా తెల్ల యజమాని వచ్చి, ఈ మనిషి నా దగ్గర పనిచేస్తాడని పూచీ ఇస్తేనే వదిలిపెట్టేవారు, ఒక గుర్తింపు కార్డు కూడా వెంట ఉంచుకోవాల్సి వచ్చింది. ఇల్లు తగలబెట్టినవారిని బంధించకుండా, ఇల్లు పోయినవారిని బంధించడమేమిటని మీ పాప తప్పకుండా అడుగుతుంది, అడగనివ్వండి.

వారం తిరగకుండానే, జూన్ 7న, నగరపాలక సంస్థ ఒక ఆర్డినెన్సు తెచ్చింది. కాలిన చోట ఇల్లు కట్టాలంటే నిప్పంటుకోని సామగ్రితోనే కట్టాలని దాని సారం. చేతిలో చిల్లిగవ్వ లేనివాడు ఇటుకా కాంక్రీటూ ఎక్కడ తెస్తాడు? కట్టలేనివాళ్ళు ఆ నేలను అమ్ముకుంటే, అక్కడ రైలు డిపోలూ గోదాములూ కట్టుకోవచ్చని పట్టణపెద్దల ఆలోచన. బి.సి. ఫ్రాంక్లిన్ అనే నల్లజాతి లాయరు ఆఫీసు కాలిపోతే, డేరా వేసుకుని అందులోనే టైపురైటరు పెట్టుకుని, తోటి లాయర్లతో కలిసి ఆ ఆర్డినెన్సును కోర్టులో కొట్టివేయించాడు. ఆయన కొడుకే ప్రసిద్ధ చరిత్రకారుడు జాన్ హోప్ ఫ్రాంక్లిన్. చాలా కుటుంబాలు ఆ చలికాలమంతా రెడ్‌క్రాస్ ఇచ్చిన డేరాలలోనే గడిపాయి.

బీమా విషయానికి వస్తే, అల్లర్లలో జరిగిన నష్టానికి చెల్లింపు ఉండదని పాలసీలలో ఒక షరతు ఉండేది. ఆ ఒక్క షరతును చూపించి కంపెనీలు చెల్లింపులు నిరాకరించాయి. గ్రీన్‌వుడ్‌లో హోటలూ సినిమా హాలూ ఉన్న విలియం రెడ్‌ఫెర్న్ అనే తెల్ల వ్యాపారి దావా వేసి రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1926లో ఓడిపోయాడు. తెల్లవాడే గెలవలేని చోట మిగతావారి గతి ఏమిటో ఊహించవచ్చు. నగరానికి పెట్టుకున్న 18 లక్షల డాలర్లకు పైగా నష్టపరిహారపు అర్జీలనూ తిరస్కరించారు. మంజూరైనది ఒక తెల్ల దుకాణదారుడి అర్జీ, అదీ అతని దుకాణంలోంచి ఎత్తుకుపోయిన తుపాకులకు! ఇలాంటి ఫైళ్ళు నా బల్ల మీదికి వస్తుంటాయి కాబట్టి, ఒక్క వాక్యంతో ఒక జీవితాన్ని ఎలా పక్కకు నెట్టవచ్చో నాకు తెలుసు. ఒక ముసలి జంట తమ కాలిన ఇంటికి పైసా రాదని ఉత్తరం అందుకోవడం, గుంపు దాడికంటే చిన్న హింస అని నేను అనుకోను.

అయినా గ్రీన్‌వుడ్ మళ్ళీ లేచింది, డ్రీమ్‌లాండ్ మళ్ళీ తెరిచారు. కట్టిన కొద్ది వారాలకే కాలిపోయిన మౌంట్ జయన్ చర్చి సభ్యులు, లేని భవనం మీది అప్పును ఏళ్ళ తరబడి తీర్చి, ఆ తర్వాత కొత్త చర్చి కట్టుకున్నారు. ఇప్పుడు మీకు కనిపించే వీధి అంత చిన్నగా ఉండడానికి ఆ మంటలొక్కటే కారణం కాదు. 1960ల నుంచి పట్టణ పునరుద్ధరణ పేరుతో ఇళ్ళు కూల్చి, ఇంటర్‌స్టేట్ 244ను ఆ పేట మధ్యలోంచి వేశారు. స్టేడియంకు వెళ్ళినప్పుడు తలెత్తి చూస్తే ఆ వంతెన మీకే కనిపిస్తుంది.

జవాబు 4
తెనాలి తాతయ్య (ప్రస్తుతం మా అబ్బాయి దగ్గర, న్యూజెర్సీ)

అమ్మా, మాది తెనాలి దగ్గర పల్లె. చుండూరు మాకు దూరం కాదు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులను చంపారు. దానికి ముందు జరిగిన గొడవకు మూలం, సినిమా హాలులో చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ముందు కూర్చున్న పెద్దకులపాయనకు తగలడమేనని అందరూ అంటారు. మీ అబ్బాయి చెప్పిన లిఫ్టు సంగతి చదవగానే నాకు అదే గుర్తుకొచ్చింది. చుండూరు దళితులలో రైల్వే ఉద్యోగాలు చేసేవారు, డిగ్రీలు చదివినవారు ఉండేవారు. ఊళ్ళో ఎవరి దగ్గరా చేయి చాచకుండా బతకగలగడం కొందరికి కడుపుమంటగా ఉండేది. దానికి ఆరేళ్ళ ముందు కారంచేడులోనూ దళితుల ప్రాణాలు పోయాయి. అమెరికాలో జాతి వేరు, మన దగ్గర కులం వేరు, రెండిటి చరిత్రలూ ఒకటి కావు. వాటిని కలిపేసి చెప్పమని నేను అనడం లేదు. కానీ తెలుగువాళ్ళింట్లో పిల్లకు గ్రీన్‌వుడ్ గురించి చెబుతూ, ఇవన్నీ ఎక్కడో వేరే జాతివాళ్ళు చేసుకున్నవని అనిపించేలా చెబితే అది సగం నిజమే. మా మనవడికి నేను చుండూరు గురించి కూడా చెప్పాను.

ఫ్రిస్కో అబ్బాయికి ఒక మాట చెబుతాను. మనం బతుకుతెరువు కోసం వచ్చినమాట నిజం. మనలను రానిచ్చింది 1965 నాటి వలస చట్టం. అంతకు ముందు 1923లో, అంటే గ్రీన్‌వుడ్ కాలిన రెండేళ్ళకే, భగత్‌సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవారు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని ఇక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమం దేశాన్ని కదిలించిన రోజులలోనే ఆ తలుపు తెరుచుకుంది. అంచేత ఇది మనకు సంబంధం లేని కథ కాదు నాయనా.

చిన్నారి వాళ్ళమ్మ

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మావారికి కూడా చదివి వినిపించాను. గురువారం సాయంత్రపు గ్రీన్‌వుడ్‌తో మొదలుపెట్టి, ఒలీవియా బొమ్మ బట్టల దాకా పాపకు చెబుదామని ఇద్దరం అనుకున్నాం. పెద్దవాడికి మాత్రం ఇంకా లోతుగా చెప్పాలి. "అంత జరిగితే ఎవరిని జైల్లో పెట్టారు, నేను ఎందుకు ఇంతకు ముందు వినలేదు?" అని అడుగుతున్నాడు. టీచరుగారూ, దీనికి మీరేమంటారు?

జవాబు 5
సోషల్ టీచరు (మిడిల్ స్కూల్, ఓక్లహోమా సిటీ)

ఆ కాల్పులకూ దహనానికీ ఎవరికీ శిక్ష పడలేదని వాడికి సూటిగా చెప్పండి. ఎవరి మీద అభియోగం మోపాలో తేల్చే పౌరుల బృందమైన గ్రాండ్ జ్యూరీ, అందరూ తెల్లవారే ఉన్నది, తుపాకులతో కోర్టుకు వచ్చిన నల్లవారిదే తప్పని తేల్చింది. గుంపును రెచ్చగొట్టాడని స్ట్రాడ్‌ఫోర్డ్ మీదే అభియోగం మోపారు. ఆయన టల్సా వదిలి వెళ్ళిపోయి, మళ్ళీ రాలేదు. ఆ అభియోగాన్ని రద్దు చేసింది 1996లో, ఆయన పోయిన చాలా ఏళ్ళకు. బతికి ఉన్నవారు వేసిన దావాను 2024 జూన్‌లో ఓక్లహోమా సుప్రీంకోర్టు కొట్టివేసింది. దావా వేసినవారిలో ఒకరైన వయోలా ఫ్లెచర్ 1921లో ఏడేళ్ళ పిల్ల. నూట ఏడేళ్ళ వయసులో అమెరికా కాంగ్రెసు ముందు కూర్చుని తాను చూసినది చెప్పింది.

ఎందుకు వినలేదన్న ప్రశ్నకు మీ అబ్బాయికి ఒక టీచరు సంగతి చెప్పండి. డ్రీమ్‌లాండ్ యజమానుల కొడుకు డబ్ల్యూ.డి. విలియమ్స్‌కు ఆ నాటికి పదహారేళ్ళు. తరువాత ఆయన బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూలులో చరిత్ర టీచరయ్యాడు. 1950లలో ఒకరోజు తరగతిలో గ్రీన్‌వుడ్ తగలబడిన సంగతి చెబితే, డాన్ రాస్ అనే విద్యార్థి లేచి నిలబడి, గ్రీన్‌వుడ్ ఎన్నడూ కాలలేదని గట్టిగా వాదించాడు. అతను కూడా ఆ ఊరివాడే. పెద్దలు భయంతోనో బాధతోనో పిల్లలకు చెప్పలేదు, పత్రికలు రాయలేదు, పాఠ్యపుస్తకాలలో లేదు. 'ట్రిబ్యూన్' పాత సంచికలను మైక్రోఫిల్ముకు ఎక్కించే నాటికి ఆ మే 31 నాటి మొదటి పేజీలోని వార్త చించేసి ఉంది. మర్నాడు విలియమ్స్ తన దగ్గరున్న ఫొటోలు తెచ్చి ఆ కుర్రాడికి చూపించాడు. డాన్ రాస్ పెద్దయ్యాక రాష్ట్ర శాసనసభ సభ్యుడై, జరిగినదాన్ని విచారించడానికి 1997లో ప్రభుత్వ కమిషన్ ఏర్పాటయ్యేలా చేశాడు. 2001లో వచ్చిన దాని నివేదిక ఇంటర్నెట్లో అందరికీ దొరుకుతుంది, మీ అబ్బాయి వయసువాడు దానిలోని కొన్ని పేజీలు మీ పక్కన కూర్చుని చదవగలడు.

ఒక జాగ్రత్త. చనిపోయినవారి ఫొటోలు ఆ రోజులలో పోస్టుకార్డులుగా అచ్చువేసి అమ్మారు, ఇంటర్నెట్లో అవి సులువుగా ఎదురవుతాయి. పెద్దవాడు ఒంటరిగా వెతుకుతూ వాటి మీద పడకుండా చూడండి. గ్రీన్‌వుడ్ రైజింగ్ మ్యూజియానికి పిల్లలతో వెళ్ళే ముందు మీరొకసారి వెళ్ళి, పాపను ఏ గది దాకా తీసుకువెళ్ళాలో చూసుకోండి. ఓక్లాన్ శ్మశానంలో గుర్తులేని సమాధులను తవ్వి, డీఎన్ఏ పరీక్షలతో పేర్లు కనుక్కునే పని ఇంకా పూర్తికాలేదు. 2024లో తొలిసారి ఒక పేరు దొరికింది, సి.ఎల్. డేనియల్, మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసిన జార్జియా యువకుడు. నగరపాలక సంస్థ ఆ వివరాలను ఎప్పటికప్పుడు ప్రకటిస్తూ ఉంటుంది, అవి వచ్చినప్పుడు మీ అబ్బాయికి చూపించండి.